అడవి మంటల పొగకి హోమ్‌మేడ్ ప్యూరిఫైర్: ఒక ఫ్యాన్, నాలుగు ఫిల్టర్లు

2020 సెప్టెంబర్ 9. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో పొద్దున్న తొమ్మిదైనా లైట్లు వేసుకునే కూర్చున్నాం. అడవి మంటల పొగతో ఆకాశమంతా నారింజ రంగు. ఆ రోజు ఫొటోలు అందరూ చూసే ఉంటారు. కానీ కింద మనం పీల్చే గాలి ఘోరంగా మారింది ఆ తర్వాతి రోజుల్లోనే. నా రూమ్మేట్‌కి ఆస్తమా. ఆన్‌లైన్‌లో ఏ ప్యూరిఫైర్ చూసినా అవుట్ ఆఫ్ స్టాక్.

సరే అని బాక్స్ ఫ్యాన్ వెనక ఒక అంగుళం మందం ఫిల్టర్‌ని టేపుతో అతికించాను. ఫ్యాన్ మూలిగింది, ముందు నుంచి గాలి సరిగ్గా రాలేదు. "ఒరేయ్, ఇది గాలి కాదురా, నిట్టూర్పు" అన్నాడు వాడు, ఇన్‌హేలర్ పక్కన పెట్టుకుని.

తప్పు ఫిల్టర్‌ది కాదు, వైశాల్యానిది. ఫ్యాన్ లాగే గాలంతా ఒక్క ఫిల్టర్‌లోంచే దూరాలి. అదే నాలుగు పెడితే ఒక్కోదాని మీద పడే భారం నాలుగో వంతు. అమెరికాలో రిచర్డ్ కార్సీ ఆలోచనతో జిమ్ రోసెంథాల్ 2020లో కట్టిన డబ్బా సూత్రం ఇదే. దాన్ని కోవిడ్ కోసం చేశారు, పొగకీ పనికొచ్చింది.

20 అంగుళాల మెర్వ్ 13 ఫిల్టర్లు నాలుగింటిని గోడల్లా నిలబెట్టండి. వాటి మీద ఉండే బాణం గుర్తు లోపలికి చూడాలి. అడుగున అట్ట, పైన ఆకాశంలోకి ఊదేలా ఫ్యాన్. సందుల్లో టేపు వేయడానికి పిసినారితనం వద్దు. ఇంకోటి, చాలామంది వదిలేసేది: ఫ్యాన్ చదరం, రెక్కలు తిరిగేది గుండ్రం. ఆ నాలుగు మూలల్లోంచి గాలి మళ్లీ వెనక్కి వెళ్లిపోతుంది. ఫ్యాన్ వచ్చిన డబ్బా అట్టనే గుండ్రంగా కత్తిరించి మూలలు మూసేయండి.

"హెపా కాదుగా, పనిచేస్తుందా?" అంటారు. హెపా 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం పడుతుంది. మెర్వ్ 13 రేటింగ్‌కి 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం 50 శాతం పడితే చాలు. కానీ గదిలో గాలి లూప్‌లో తిరుగుతుంది, మళ్లీ మళ్లీ ఫిల్టర్‌లోకే వస్తుంది. నిమిషానికి 300 ఘనపుటడుగుల గాలిలో సగం కణాల్ని పట్టే డబ్బా, 100 ఘనపుటడుగుల్ని దాదాపు పూర్తిగా వడకట్టే మెషీన్ కంటే ఎక్కువ పని చేసినట్టే. ఈ లెక్కనే సీఏడీఆర్ అంటారు. ప్యూరిఫైర్ కొనేటప్పుడు కూడా బాక్స్ మీద హెపా అన్న పెద్ద అక్షరాలు కాదు, ఈ నెంబర్ చూడండి.

కిటికీలు మూయండి, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఆపండి. అది లోపలి గాలి బయటికి పంపితే, బయటి పొగ తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. మేం ఆ వారం పోపు కూడా మానేశాం. ఎండుమిర్చి వేయగానే సెన్సర్ రీడింగ్ ఎలా ఎగిరిందో చూశాక ఇంక ధైర్యం చేయలేదు.

పాత ఫ్యాన్ వాడొద్దు. 2012 తర్వాత తయారై, యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు ఉన్నదే తీసుకోండి. పొగలోని వాయువుల్ని ఇది ఆపదు, కాబట్టి వాసన కొంత ఉంటుంది.

డబ్బా పెట్టిన రాత్రి మావాడు దిండుకి ఆనుకుని కాదు, పడుకునే నిద్రపోయాడు. వారానికి తెల్ల ఫిల్టర్లు బూడిద రంగుకొచ్చాయి. టేపు కోసి కొత్తవి పెట్టాను, ఫ్యాన్ మాత్రం అదే.