పాలు పొంగితే భయం వద్దు

పాలు చాలక బాధపడే తల్లులను మనం చూస్తూ ఉంటాం. పాలు ఎక్కువై బాధపడే తల్లులు కూడా ఉన్నారు. కానీ వాళ్ల బాధ బయటికి రాదు. "పాలున్న తల్లికి బాధ ఏంటి?" అంటారు చుట్టుపక్కల వాళ్లు. ఆ బాధ పడినవాళ్లకే తెలుసు.

రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. రవిక తడిసిపోతూ ఉంటుంది. బిడ్డ నోరు పెట్టగానే పాలు చిమ్ముకుంటూ వస్తాయి. బిడ్డకు పొలమారుతుంది. దగ్గుతుంది, ఏడుస్తుంది, రొమ్ము వదిలేస్తుంది. అది చూసి పెద్దవాళ్లు "బిడ్డకు తల్లిపాలు గిట్టడం లేదు" అనుకుంటారు. డబ్బాపాలు తెప్పిస్తారు. ఉన్న పాలు వదిలి, కొన్న పాలు పడతారు. డబ్బుకు డబ్బు పోతుంది. బిడ్డకు తల్లిపాల బలం పోతుంది.

పాలు ఎందుకు పొంగుతాయి?

బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ముర్రుపాలు కొంచెమే ఉంటాయి. ఆ కొంచెమే బిడ్డకు చాలు. 2 నుంచి 5 రోజుల మధ్య పాలు ఎక్కువగా రావడం మొదలవుతుంది. అప్పుడు రొమ్ములు బరువెక్కుతాయి. బిడ్డకు ఎన్ని పాలు కావాలో తల్లి ఒంటికి ఇంకా తెలియదు. అందుకని కొందరికి ఎక్కువ ఊరుతాయి. చాలామందికి నెల, నెలన్నరలో సర్దుకుంటుంది.

ఏటి ఇసుకలో చెలమ తీస్తాం కదా! నీళ్లు తోడేకొద్దీ ఊరుతాయి. తోడకపోతే చెలమ నిండుతుంది, ఊట తగ్గుతుంది. రొమ్ము కూడా అంతే. ఖాళీ చేసేకొద్దీ పాలు ఊరుతాయి. కొంత పాలు లోపల ఉంటే ఊరడం తగ్గుతుంది.

చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు. బరువు దిగాలని పాలన్నీ పిండేస్తారు. ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ "ఇంకా పాలు కావాలి" అని ఒళ్లు అనుకుంటుంది. మరుసటి పూటకు ఇంకా ఎక్కువ ఊరుతాయి.

ఒక ఇంట్లో ఏం జరిగింది?

ఒక ఊళ్లో ఒక బాలింత. తొలి కాన్పు. పుట్టింట్లో ఉంది. పాప పుట్టి 21 రోజులైంది. పాలు తాగేటప్పుడల్లా పాపకు పొలమారుతోంది. విరేచనం ఆకుపచ్చగా, నురుగుగా అవుతోంది. తల్లి రోజుకు నాలుగుసార్లు పాలు పిండి పారబోస్తోంది. అయినా రొమ్ముల సలుపు తగ్గలేదు. డబ్బాపాలు తెమ్మని బాలింత తల్లి కొడుకును బజారుకు పంపబోయింది. అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది. కాన్పు ఆసుపత్రిలో జరిగితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి.

"చూడమ్మాయ్, పాపకు దీని పాలు గిట్టట్లేదు. నోరు పెట్టడం, ఏడవడం!" అంది బాలింత తల్లి.

"ముందు తూకం చూద్దాం పెద్దమ్మా" అంది ఆశా. పాపను తూకం సంచిలో పెట్టింది. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు. ఇప్పుడు 3 కిలోల 600 గ్రాములు.

"రోజుకు 25, 30 గ్రాములు పెరిగితే చాలు పెద్దమ్మా. పాప అంతకన్నా ఎక్కువే పెరిగింది. పాలు గిట్టకపోతే ఇట్లా పెరుగుతుందా?"

"మరి ఏడుపెందుకు?"

"పాలు వరదలా వస్తున్నాయి. అంత చిన్న నోటికి మింగే తీరిక లేదు. చెల్లీ, పాలు ఎట్లా పడుతున్నావ్?"

"కాసేపు ఇటు, కాసేపు అటు పడుతున్నా అక్కా."

"అదే మార్చు. మొదట వచ్చే పాలు పలుచన. పోనుపోను చిక్కన అవుతాయి. తొందరగా అటూ ఇటూ మారిస్తే పాపకు పలుచటి పాలే ఎక్కువ పోతాయి. కడుపు ఉబ్బుతుంది, ఆకుపచ్చ విరేచనం అవుతుంది. ఒక పూట ఒక పక్కే పట్టు. పాప తనంతట తాను వదిలేదాకా తాగనీ. ఇంకా ఆకలి ఉంటేనే రెండో పక్క ఇవ్వు. మళ్లీ పూట రెండో పక్కతో మొదలుపెట్టు."

పాలు పట్టే పద్ధతి కూడా ఆశా చూపించింది. బాలింత గోడకు దిండు పెట్టుకుని వెనక్కి వాలింది. పాపను రొమ్ము మీద బోర్లా పెట్టుకుంది. ముక్కు మూసుకోకుండా చూసుకుంది. పాలు పైకి ఎక్కి రావాలి కాబట్టి వేగం తగ్గింది. చేపు రాగానే మొదటి చిమ్ము బట్టలోకి పోనిచ్చింది. తరువాత పాప నోటికి అందించింది. ఈసారి పాపకు పొలమారలేదు. డబ్బా కొనే పని లేకపోయింది.

బరువు దింపుకోవడం ఎలా?

రెండో రొమ్ము బాగా సలిపితే కొంచెం పాలు తీయాలి. సలుపు తగ్గగానే ఆపాలి. ఖాళీ అయ్యేదాకా తీయకూడదు.

సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బొటనవేలు నల్లటి భాగం అంచున పైన పెట్టాలి. మిగతా వేళ్లు కింద పెట్టాలి. ముందు ఛాతీ వైపు మెల్లగా నొక్కాలి. తరువాత వేళ్లు దగ్గరికి తెచ్చి వదలాలి. చనుమొనను లాగకూడదు.

పాలు పట్టాక చల్లటి తడిబట్ట కాసేపు వేసుకుంటే వాపు, నొప్పి తగ్గుతాయి.

తీసిన పాలు పారబోయనవసరం లేదు. కడిగి మరగబెట్టిన గిన్నెలో పట్టి మూత పెట్టండి. నీడన చల్లగా ఉన్నచోట 4 గంటల లోపు వాడండి. ఎండాకాలం ఇంకా ముందే వాడండి. ఉగ్గుగిన్నెతో గాని చెంచాతో గాని పట్టండి. సీసా వద్దు.

ఇవి చేయకండి

నీళ్లు, తిండి తగ్గించకండి. పాలు తగ్గవు, తల్లి నీరసపడుతుంది.

రొమ్ములను గుడ్డతో బిగించి కట్టకండి. గట్టిగా పిసకకండి. వాపు పెరుగుతుంది.

పాలు ఇంకిపోవాలని మల్లెపూలు కట్టడం మన వైపు పాత అలవాటు. 1988లో వేలూరు వైద్యులు దీన్ని పరీక్షించారు. మల్లెపూలతో పాలు ఆగుతాయని చూశారు. అయితే అది పాలు పూర్తిగా ఆపాల్సిన తల్లుల కోసం. బిడ్డ పాలు తాగుతుంటే మల్లెపూలు కట్టవద్దు.

పాలు తగ్గే మాత్రలు సొంతంగా మింగకండి.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

రొమ్ములో ఒకచోట ఎర్రబడి, వేడిగా, గడ్డగా ఉంటే వెళ్లాలి. చలి, జ్వరం వచ్చినా, చీము కనిపించినా ఆలస్యం చేయకూడదు. రొమ్ము వాచి జ్వరం వచ్చినా ఆ పక్క పాలు బిడ్డకు హాని చేయవు. పాలు పట్టడం ఆపకండి.

బిడ్డ బరువు పెరగకపోయినా, రోజుకు 6 సార్లకన్నా తక్కువ మూత్రం పోసినా వెళ్లాలి. పాలు తాగేటప్పుడు బిడ్డ నీలంగా మారితే వెంటనే వెళ్లాలి.

నెలన్నర దాటినా పాలు పొంగుతూనే ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. కొన్ని గంటలపాటు ఒకే రొమ్ము పట్టే పద్ధతి ఒకటి ఉంది. అది డాక్టరు చెబితేనే చేయాలి. సొంతంగా చేస్తే పాలు మరీ తగ్గిపోవచ్చు.

మిగిలిన పాలతో మరో ప్రాణం

నెలలు నిండక పుట్టిన బిడ్డల తల్లులకు కొన్నిసార్లు పాలు ఉండవు. అలాంటి బిడ్డల కోసం తల్లిపాల బ్యాంకులు ఉన్నాయి. 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో ఇలాంటి బ్యాంకు మొదలైంది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైంది. అక్కడ తల్లికి రక్తపరీక్ష చేస్తారు. పాలను వేడిచేసి శుద్ధి చేస్తారు. ఆ తరువాతే బిడ్డలకు పడతారు. ఇవ్వాలనుకునే తల్లి ముందు ఆసుపత్రి వాళ్లతో మాట్లాడాలి. ఇవ్వడం కోసం ఎక్కువగా పిండితే పాలు ఇంకా పొంగుతాయి.

గుర్తుంచుకోండి

1. బిడ్డ రొమ్ము వదిలి ఏడ్చిందని డబ్బాపాలు పట్టకండి. ముందు తూకం వేయించండి.
2. ఒక పూట ఒక పక్క. బిడ్డ వదిలేదాకా తాగనివ్వండి.
3. సలుపు తగ్గేంత వరకే పాలు తీయండి.
4. 6 నెలల వరకు తల్లిపాలే. నీళ్లు కూడా అవసరం లేదు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో బాలింతకు పాలు ఎక్కువైతే ఏం చేస్తారు? అందులో మంచి ఏది? చెడు ఏది?
2. ఆశా కార్యకర్త ముందుగా పాపను ఎందుకు తూచింది?
3. ఈ పాఠం మీ ఊళ్లో ఏ బాలింతకు చదివి వినిపిస్తారు?