తొలి నవల రాయబోతున్న చిరంజీవికి

నవలకు కథ దొరకడం కష్టం కాదు. ఆ కథ ఎంత కాలం మీద నడవాలి, ఎవరి కళ్లకు కనబడాలి, ఏ ఊళ్లో జరగాలి అన్నవి తేల్చుకోవడమే కష్టం. తొలి నవలలు చాలా వరకు సగంలో ఆగిపోయేది ఇవి తేలకపోవడం వల్లే. మొదటి యాభై పేజీలు ఊపు మీద వచ్చేస్తాయి. ఆ తరువాత ఏం జరగాలో తెలిసినా ఎక్కడ నిలబడి చెప్పాలో తెలియక కలం ఆగుతుంది.

ముందు కాలం. నవల అనగానే మూడు తరాల కథ ఎత్తుకోవాలనే ఉబలాటం కొత్తవారికి సహజం. నిజానికి నవల పెద్దది కావడానికి కథాకాలం పెద్దది కానక్కర్లేదు. నవీన్ ‘అంపశయ్య’లో ఉన్నది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలివాడు, అడవిలోకి వెళ్లిపోయిన ఒక పంది, ఒక రాత్రి ఉంటాయి, అంతే. కాలం తగ్గేకొద్దీ ప్రతి గంటకూ బరువు పెరుగుతుంది. తొలి నవలకు ఒక పంటకాలమో, ఒక పెళ్లి కుదిరి జరిగే లోపలి రోజులో, ఒక ఎన్నికల నెలో చాలు. వెనకటి సంగతులు అవసరమైన చోట జ్ఞాపకాలుగా వాటంతట అవే వస్తాయి.

చూపు సంగతి ఇంతకన్నా లోతైనది. నేను అని చెప్పించాలా, అతడు అని చెప్పాలా అన్నది వ్యాకరణ ప్రశ్నలా కనబడుతుంది కానీ కథ రుచి అంతా దాని మీదే ఆధారపడుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి తన బారిష్టరు పార్వతీశం చేత కథ స్వయంగా చెప్పించారు. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన ఆ కుర్రవాడు తన అమాయకత్వం తనకు తెలియకుండానే చెప్పుకుపోతాడు కాబట్టి పాఠకుడు నవ్వుతూనే అతన్ని ప్రేమిస్తాడు. అదే కథ రచయిత గొంతుతో వస్తే ఒక పల్లెటూరివాణ్ణి వెక్కిరించినట్టు ఉండేది. చలం ‘మైదానం’ రాజేశ్వరి నోట వినబడుతుంది. పక్కింటివారి నోట వింటే అది లేచిపోయిన ఆడమనిషి గురించిన ఊరి కబురుగా మిగిలేది.

అతడు అని రాసేటప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఒక ప్రకరణం ఎవరి వెంట నడుస్తోందో వారికి తెలియనిది ఆ ప్రకరణంలో రాకూడదు. భార్య వంటింట్లో ఏడుస్తోందని అరుగు మీద కూర్చున్న భర్తకు తెలియకపోతే, అతని వెంట నడిచే పేజీలో ఆ ఏడుపు ఉండదు. గిన్నెల చప్పుడు ఆగిపోయిందన్న సంగతి మాత్రం ఉండవచ్చు. తొలి ప్రతుల్లో ఎక్కువగా కనబడే లోపం ఇదే: ఒకే సన్నివేశంలో నలుగురి మనసుల్లోకీ రచయిత దూరి రావడం. అందరి మనసూ తెలిసిపోయాక పాఠకుడికి ఊహించడానికి ఏమీ మిగలదు.

ఊరు కల్పితమైనా సరే, దాని పటం కాగితం మీద గీసి పెట్టుకోవాలి. కాలువ ఎటు వైపు, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏ వీధి వాళ్లు ఏ నీళ్లు తోడుకుంటారు అన్నవి ముందే తెలిసి ఉండాలి. మహీధర రామమోహనరావు ‘కొల్లాయిగట్టితేనేమి?’లో కోనసీమ అగ్రహారం అంత గట్టిగా నిలబడడానికి కారణం ఆ ఊరి కట్టుబాట్లు ఆయనకు క్షుణ్ణంగా తెలియడమే. పటం పక్కనే వయసుల పట్టిక ఒకటి ఉండాలి. 1977 దివిసీమ ఉప్పెన నాటికి పదేళ్ల పిల్లవాడు 2000లో ముప్పై మూడేళ్లవాడు అవుతాడు. ఈ లెక్క తప్పితే పెళ్లిళ్లు, చదువులు, చావులు అన్నీ తప్పుతాయి. సార్వా నాట్లు సంక్రాంతికి వేయించిన నవలను గోదావరి జిల్లా పాఠకుడు ఆ పేజీలోనే మూసేస్తాడు.

పాత్రలను మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని ముందే విడదీస్తే నవల అక్కడే చచ్చిపోతుంది. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిరను తీర్పు చెప్పి వదిలేయడం చాలా తేలిక. ఆ అమ్మాయి ఉన్న ఇల్లు, ఆమె తండ్రి తీరు తెలిశాక ఆ తీర్పు నోట రాదు. ప్రతి పాత్రకూ తన వైపు నుంచి ఒక న్యాయం ఉండాలి. అది రాసేవారికి నమ్మకంగా అనిపించాలి.

సంభాషణల్లో పాత్రలు తమ మనసులో మాట నేరుగా చెప్పేయడం మరో బలహీనత. పొలం అమ్మాలని వచ్చిన కొడుకు, అమ్మడం ఇష్టం లేని తండ్రి మాట్లాడుకుంటున్నారనుకుంటే, తొలి ప్రతిలో సాధారణంగా ఇలా పడుతుంది: “నాన్నా, పొలం అమ్మేద్దాం.” “వద్దురా, అది మన తాతల నాటిది.” ఇది సమాచారమే కానీ సంభాషణ కాదు. దిద్దిన ప్రతిలో తండ్రి అసలు పొలం మాటే ఎత్తడు. “గట్టు మీద తుమ్మలు ఎవరు కొట్టించార్రా?” అంటాడు. “ఆయన చూసుకోడానికొస్తే అడ్డంగా ఉంటాయనీ...” అని కొడుకు నసుగుతాడు. “అన్నం తిన్నావా?” అని తండ్రి లేచిపోతాడు. బేరం అప్పటికే మొదలైందని, తండ్రికి తెలిసిందని, అతను ఇక పోట్లాడడని ఆ మూడు మాటల్లోనే తెలిసిపోతుంది.

మాండలికం విషయంలో భయం అక్కర్లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922 నాటికే జనం మాటను నవలలోకి తెచ్చింది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ పలుకు పాత్రల ప్రాణంగా నిలిచింది. అయితే ఏ ప్రాంతపు యాస చెవిలో మోగుతుందో దాన్నే రాయాలి. సినిమాల్లో విన్న యాస కాగితం మీద వెంటనే పట్టుబడిపోతుంది.

ఇక చిత్తుప్రతి. అది పూర్తయ్యే దాకా మొదటి ప్రకరణం జోలికి పోకూడదు. మొదటి ప్రకరణాన్నే పదేపదే చెక్కుతూ ఏళ్లు గడిపేవారు ఎందరో ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను నెల తిరక్కుండానే చెప్పి రాయించారన్న మాట ప్రసిద్ధమే కానీ, దాన్ని చూసి తొందరపడడం ప్రమాదం. అప్పటికే ఆయన ‘ఏకవీర’ రాసి ఉన్నారు. ఆ ధార వెనక ఏళ్ల తరబడి సాగిన సాధన ఉంది. మామూలు మనిషికి రోజూ ఒకే వేళకు కూర్చుని పేజీయో రెండు పేజీలో రాయడమే దారి. రేపు ఏం రాయాలో తెలిసిన చోట ఇవాళ ఆపితే మర్నాడు కూర్చోవడం సులువవుతుంది.

చిత్తు పూర్తయ్యాక కొన్ని వారాలు పక్కన పెట్టి, ఆ తరువాత బిగ్గరగా చదవాలి. నాలుక తడబడిన వాక్యం తిరగరాయవలసిన వాక్యం. తొలి ప్రకరణంలో వంశచరిత్ర, వాతావరణ వర్ణన ఉంటే చాలాసార్లు రెండో ప్రకరణమే అసలైన ఆరంభం అని బయటపడుతుంది. ఎంత ఇష్టపడి రాసినా మొదటిదాన్ని తీసేయాలి. వారపత్రికకు సీరియల్‌గా రాసినదైతే ప్రతి వారం చివర పెట్టిన ఉత్కంఠ, మరుసటి వారం మొదట్లో చెప్పిన పాత కథ పుస్తకంలో అతుకుల్లా కనబడతాయి. వాటిని విప్పి మళ్లీ కుట్టుకోవాలి.

చదివి పెట్టమని ఇచ్చేటప్పుడు మెచ్చుకునే స్నేహితుల కన్నా నవలలు బాగా చదివే ఒకరిద్దరు మేలు. ఎక్కడ విసుగొచ్చింది అని మాత్రమే అడగాలి, ఎలా మార్చాలో వారిని అడగనక్కర్లేదు.

అచ్చుకు ఇచ్చేముందు పాత్రల పేర్లు, వరసలు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సరిచూడాలి. పదో ప్రకరణంలో మేనత్త ఇరవయ్యో ప్రకరణంలో పిన్ని అయిపోవడం అరుదేమీ కాదు. యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని అచ్చు కోసం అను ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు, సున్నాలు చెదురుతుంటాయి. అందుకే ఆఖరి ప్రూఫు కంప్యూటర్ తెర మీద కాకుండా కాగితం మీద, రాసినవారే స్వయంగా అక్షరం అక్షరం చూసుకోవాలి.