ఇంటి గోడలకు లోపలివైపున తడిక కట్టు విధము

విశాఖపట్టణపు సముద్రతీర గ్రామములలో చుట్టిండ్లను ఎరిగిన కృషీవలులకు ఈ సంగతి క్రొత్త కాదు. మట్టిగోడ మందముగా నుండును. తాటాకు చూరు నేలదాక వంగి యుండును గావున ఎండ గోడకు అంతగా తగులదు. ఇప్పుడు కట్టుచున్న 9 అంగుళముల ఇటుకగోడకు ఆ గొడుగు లేదు. పడమటి గోడ సాయంకాలము త్రాగిన వేడిని రాత్రి లోపలికి విడుచును.

అట్టి గోడకు లోపలివైపున వెదురుతడిక కట్టవచ్చును. అయితే గోడకు అంటించి కట్టరాదు. 2 అంగుళముల ఎడము విడువవలెను. వేడిని ఆపునది తడిక యొక్కటియే కాదు, ఆ యెడములోని గాలియు. అడుగున 4 అంగుళములు తెరచి యుంచినచో చెదలు ఎక్కుట కంటబడును. పైన చూరుక్రింద సందున్నచో వేడిగాలి వెలికి పోవును.

కొందరు ప్లాస్టికు పట్టాను గోడకు బిగించుచున్నారు. మన తీరమున ఇది చేటు. వానకు తడిసిన గోడ పట్టా వెనుక ఆరక బూజు పట్టును. ఆ గోడ నానుకొని విత్తనపు బస్తాలున్నచో నష్టము చెప్పనక్కరలేదు. చెమ్మ తగిలిన విత్తనము మొలక శక్తిని కోల్పోవును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తీరము దాటినపుడు వాన గోడలనే కొట్టెను. అట్టి వాన వెలిసిన తోడనే తడిక విప్పి గోడ నారబెట్టవలెను. కావున మేకులు కొట్టక, తాళ్లతో కట్టుడు.

పగుళ్లున్నచో ముందు వెలుపల పూడ్చి, తెల్లసున్నము కొట్టి, ఒక వేసవి ఆరనిచ్చిన పిమ్మటనే లోపలి పనికి పూనుకొనుడు. పొయ్యి ప్రక్క గోడకు మాత్రము తడిక కట్టనే వలదు. ఒక్క నిప్పురవ్వ చాలును.