దేహానికీ మనపై హక్కుంది

కోవూరు వరి మళ్ళు దాటి సముద్రం వైపు వెళితే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే పంటంతా పోవచ్చు. అందుకే కాపలా మనిషికి రాత్రి నిద్ర ఉండదు. పగలు కన్ను మూస్తే మేత బస్తాలు దించాలంటూ ఫోను మోగుతుంది.

చెరువుల సంగతే కాదు. దుకాణంలో, ఆటోలో, గల్ఫ్‌లో, కంప్యూటరు ముందు ఒళ్ళు హూనం చేసుకుంటున్నవారు మన ఇళ్ళలో ఎందరో. "అంతా పిల్లల కోసమే కదా" అంటారు. ధర్మసమ్మతమైన సంపాదన పుణ్యకార్యమే, సందేహం లేదు. అయితే పుణ్యకార్యమైనంత మాత్రాన దానికి హద్దు లేదా?

సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన చూడండి. దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకనాడు సల్మాన్ (రజి) ఆయన ఇంటికి వెళ్ళారు. ఇల్లాలు ఉమ్మె దర్దా (రజి) మాసిన దుస్తుల్లో ఉన్నారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పని లేదన్నారామె. అబూ దర్దా (రజి) వచ్చి అతిథికి భోజనం పెట్టించి, తాను ఉపవాసమన్నారు. మీరు తినందే నేను తిననని సల్మాన్ (రజి) పట్టుబట్టి తినిపించారు. రాత్రి ఆయన నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తామే లేపారు. ఇద్దరూ నమాజు చేశారు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ మీపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికి చెల్లించమని బోధించారు. సంగతి విన్న ప్రవక్త (స) సల్మాన్ మాట నిజమన్నారు.

అబూ దర్దా (రజి) చేస్తున్నది వ్యాపారం కాదు, ఆరాధన. దానికే హద్దు ఉన్నప్పుడు మన ఓవర్‌టైముకు లేకుండా పోతుందా? ఇంకొకటి, ఆ అతి ఎక్కడ బయటపడిందో గమనించండి. ఇల్లాలి దుస్తుల్లో! మగవాడు నాకేం, బాగానే ఉన్నానంటాడు. ఇంట్లోవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

పని వల్ల శక్తి హరించుకుపోవడం, పనిపై విముఖత, సామర్థ్యం తగ్గడం, ఈ మూడింటినీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధమైన స్థితిగా పేర్కొంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి ప్రకటించింది.

దివ్యఖుర్ఆన్ (78: 9-11) నిద్రను విశ్రాంతిగా, పగటిని జీవనోపాధి వేళగా పేర్కొంది. ఇషా తర్వాత కబుర్లు ప్రవక్త (స)కు నచ్చేవి కావు. మనకేమో ఫోను అప్పుడే మొదలు! రాత్రి పని తప్పనివారికి ఆ నిద్ర పగలు దక్కాలి. ఇది వారొక్కరి చేతిలో లేదు. పనివారిపై శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే తామూ సాయపడాలని ప్రవక్త (స) యజమానులను ఆదేశించారు. కనుక చెరువుకు రెండో మనిషిని పెట్టడం దయ కాదు, బాధ్యత.

ఇక ఇల్లాలి సంగతి. సెలవునాడు ఇంటిల్లిపాదీ విశ్రాంతి తీసుకుంటే ఆమెకు వంట రెట్టింపవుతుంది. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినవారికి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన జవాబు ఇదే: ఇంటివారి పనుల్లో ఉండేవారు, నమాజు వేళ కాగానే బయలుదేరేవారు.