పరాయి తగవును నమ్మి పత్తి వేయకు

ప్రొద్దుటూరు,
డిసెంబరు 2025

చిరంజీవి మద్దిలేటికి,

నీ ఉత్తరం అందింది. పత్తి దిగుమతి సుంకం జనవరి నుంచి మళ్లీ వస్తుందనీ, ధర లేస్తుందనీ, అందుకే ఉగాదికి ఇంకో పదెకరాలు కౌలుకు పట్టి అంతా పత్తే పెడతాననీ రాశావు. నీ కష్టం మీద నాకు నమ్మకముంది. నువ్వు నమ్ముకున్న ధర మీద లేదు. ఎందుకో చెబుతా, ఓపిగ్గా చదువు.

మన దేశపు సరుకు అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా. అదే అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామని అదే నెల 27 నుంచి ఇంకో 25 కలిపింది. తిరుప్పూరు బట్టల ఆర్డర్లకు దెబ్బ తగిలింది. మిల్లులకు ఊరట కోసం ఢిల్లీ ఆగస్టు 19న పత్తి మీది 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. బయటి పత్తి చౌకగా దిగితే ఆదోని యార్డులో మన పత్తికి పోటీపడి పాడేవాళ్లు తగ్గుతారు. తగవు దేశాలది, దెబ్బ పత్తి రైతుది.

ఇది మన రాయలసీమకు కొత్త కాదురా. 1861లో అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలైంది. ఇంగ్లండు మిల్లులకు కావలసిన పత్తిలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు అక్కడిదే. అంత పొత్తు ఉండి కూడా, ఆ నవంబరులో ట్రెంట్ అనే ఇంగ్లీషు ఓడ నుంచి దక్షిణాది రాయబారులను ఉత్తరాది నావికాదళం పట్టుకుపోయిందని ఇంగ్లండూ అమెరికా యుద్ధం అంచుదాకా వెళ్లాయి. రాయబారులను వదిలేశాక అది చల్లారింది. కానీ ఉత్తరాది చేసిన దక్షిణాది రేవుల దిగ్బంధం ఆగలేదు. పత్తి రాక ఇంగ్లండులోని లాంకషైర్‌లో చాలా మిల్లులు మూతపడ్డాయి. అప్పుడు మన నల్లరేగడి పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. 1865లో ఆ యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ ఓడలెక్కింది, ఇక్కడ ధర కూలింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరుగుతాయని మన పెద్దలన్నారు. అవి పోట్లాట మానినా మన కాళ్లకు భద్రత లేదని 1865 చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 1876–78 కరువుకు మూలం వానలు పోవడమే. అయితే బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ధర కూలి అప్పుల్లో పడ్డ ఇల్లు అలాంటి కరువును ఎలా తట్టుకుంటుంది?

ఒకరితో ఒకరికి పని ఉన్న దేశాలు ఇవాళ కాకపోతే రేపు రాజీ పడతాయి. ఎప్పుడు, ఏ షరతు మీద అన్నది మనల్ని అడగరు. రాజీలో భాగంగా ఏ సుంకం తగ్గిస్తారో కూడా మనకు తెలియదు. కాబట్టి సుంకం వస్తుందని లెక్క వేయకు, పోతుందని భయపడకు. 2025–26కు క్వింటాలు మద్దతు ధర పొడుగు పింజకు 8,110, మధ్యరకానికి 7,710 రూపాయలు. దానికంటే వెయ్యి తగ్గినా కౌలు, విత్తనం, మందులు, ఏరిన కూలి పోను మిగిలితేనే ఆ పొలం పట్టు. అప్పు తెచ్చి కౌలు కట్టాక పంట పోతే వలస కూలీగా సుగ్గికి పోవాల్సిందే. తల్లిదండ్రుల వెంట బడి మాని పోయే పిల్లల్ని మీ కోసిగిలో ఏటా చూస్తూనే ఉన్నావు.

పొలం పట్టేటట్టయితే సగం కంది, కొర్ర పెట్టు. యజమాని చేత సంతకం పెట్టించి సాగుదారు హక్కుల పత్రం తీసుకో. పంట నమోదు చేసే ఈ-పంటలో నీ పేరే ఎక్కించుకో. కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు లేకపోతే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. తేమ 12 శాతం దాటితే అసలు తీసుకోరు, పూర్తి ధర కావాలంటే 8కి దించాలి. బాగా ఆరబెట్టాకే బండి కట్టు.

ఎకరా వారీగా లెక్క రాసి సంక్రాంతిలోపు నాకు పంపు. మీ నాన్నకూ చూపించు. లెక్క నిలిస్తే, మొదటి ఎకరా కౌలు నేనే సర్దుతాను.



నీ మేలు కోరే
మామ