నూరేళ్ల వరద

నది మీద వంతెన కట్టాలి. ఎంత ఎత్తున కట్టాలి? తక్కువ ఎత్తున కడితే పెద్ద వరదకు కొట్టుకుపోతుంది. మరీ ఎత్తుగా కడితే డబ్బు దండుగ. రాబోయే వరద ఎంతటిదో చెప్పేదెవరు? ఇదివరకు వచ్చిన వరదల లెక్కలే చెప్పాలి.

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఇలాంటి అంకెలను ఏటేటా రాసిపెట్టుకుంటే ఏం లాభమో చూద్దాం.

ఒక నదికి 19 ఏళ్ల లెక్కలున్నాయనుకోండి. ఏడాదికి ఒక్కటి చొప్పున, ఆ ఏటి అతి పెద్ద వరదను మాత్రమే తీసుకోండి. పెద్దదానితో మొదలుపెట్టి వరుసగా పేర్చండి. సంవత్సరాల సంఖ్యకు 1 కలపండి: 20. దాన్ని వరుస సంఖ్యతో భాగించండి. మొదటి వరదకు 20, రెండవదానికి 10, నాలుగవదానికి 5 వస్తాయి. అంటే నాలుగవ వరద అంతటిది గాని, అంతకు మించినది గాని సగటున 5 ఏళ్లకొకసారి వస్తుందన్నమాట. దీన్ని పునరావృత కాలం అంటారు.

కాని వంతెనకు 100 ఏళ్ల వరద తెలియాలి. మన లెక్క 20 దగ్గరే ఆగిపోయింది! ఇక్కడే కంప్యూటరు సాయం కావాలి. అమెరికాలోని డేవిస్ పట్టణంలో సైనిక ఇంజనీర్ల జలవిజ్ఞాన కేంద్రం ఒకటి ఉంది; అది 1964లో ఏర్పడింది. ఆ కేంద్రం తయారుచేసిన 'హెచ్.ఇ.సి.-ఎస్.ఎస్.పి.' అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. వరదల అంకెలు ఇస్తే అది వాటికి సరిపడే వక్రరేఖ గీసి, దాన్ని ముందుకు పొడిగిస్తుంది. ఆ రేఖకు పైన ఒకటి, కింద ఒకటి హద్దుగీతలు కూడా గీస్తుంది. అసలు విలువ ఆ రెంటి మధ్య ఉండే అవకాశం ఎక్కువ. లెక్కలు తక్కువ ఏళ్లవైతే ఆ గీతలు బాగా ఎడమవుతాయి. అంటే, 'నా మాట మరీ గట్టిగా నమ్మకండి' అని ప్రోగ్రామే చెబుతున్నదన్నమాట.

మరొక సంగతి. నూరేళ్ల వరద నిరుడు వచ్చింది కనుక ఇక 99 ఏళ్లు భయం లేదనుకోవచ్చా? కూడదు. ఏ ఏడైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి. రాకపోయే అవకాశం 0.99. ఈ 0.99ని 30 సార్లు వేసి గుణించండి. సుమారు 0.74 వస్తుంది. అంచేత ఆ వరద మునకలో ఇల్లు కట్టుకున్నవారికి 30 ఏళ్లలో ఒక్కసారైనా ఇల్లు మునిగే అవకాశం నూటికి 26 వంతులు. దాదాపు నాలుగింట ఒకటి!

కంప్యూటరు ఎంత గొప్పదైనా తప్పు అంకెను ఒప్పు చేయలేదు. వరద వచ్చిన రాత్రి గేజి చూడకుండా ఉజ్జాయింపుగా రాసిన అంకె వంతెన ఎత్తునే మార్చేస్తుంది. నది పైన కొత్త ఆనకట్ట కట్టినా, వానల తీరు మారినా పాత లెక్కలను మళ్లీ సరిచూసుకోవాలి.

మీ మండలంలో ఏటా ఒక్కరోజున కురిసిన అత్యధిక వర్షం ఎంతో, వీలైనన్ని ఏళ్లకు సేకరించండి. పై పద్ధతిలో లెక్క కట్టండి. పదేళ్లకొకసారి మీ ఊరు ఎంత వానకు సిద్ధంగా ఉండాలో మీకే తెలుస్తుంది.