మైసూరు కంటే ముందు విజయనగరం

అనకాపల్లి

చి.ల.సౌ. శైలజకు మావయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకి పిల్లల్ని తీసుకుని వస్తున్నారనీ, తిరిగి బెంగళూరు చేరాక వాళ్లకి మైసూరు రాజభవనం చూపిస్తారనీ మీ అమ్మ చెప్పింది. తప్పకుండా చూపించు. 1897లో పాత కొయ్య భవనం కాలిపోతే మళ్లీ మొదలుపెట్టి 1912కి పూర్తిచేసిన కట్టడం అది. దాని దీపాలంకరణ పిల్లలు పెద్దయినా మరిచిపోరు. అయితే అంతకంటే ముందు, నా మాట విని, ఒక్క రోజు విజయనగరం కోటకి తీసుకెళ్లు. సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం మీదుగా కారులో పొద్దున్నే బయలుదేరితే రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.

అక్కడ బంగారు సింహాసనం ఉండదని పిల్లలకి ముందే చెప్పు. 1713లో, విజయనామ సంవత్సరం విజయదశమి నాడు శంకుస్థాపన చేసిన కోట అది. నాలుగు మూలలా బురుజులు, తూర్పు వైపు నగారా మోగించిన పెద్ద ద్వారం. లోపలికి వెళితే కాలేజీలు! దర్బారు కోసం 1869లో విజయరామ గజపతి కట్టించిన మోతీమహల్‌ని ఆడపిల్లల కళాశాలకి ఇచ్చేశారు. అదే వంశానికి చెందిన పి.వి.జి. రాజుగారు 1958లో తండ్రి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకి అప్పగించారు. రాజులు కొలువు తీరిన చోట చుట్టుపక్కల పల్లెల పిల్లలు డిగ్రీలు చదువుకోవడం నాకు ఏ అద్దాల మేడకన్నా గొప్పగా తోస్తుంది. కళాశాల కాబట్టి లోపల తిరగడానికి ముందుగా అనుమతి అడుగు.

రాజభవనం అంటే మంచాలూ, కత్తులూ, అద్దాలూ చూసి వచ్చే చోటు కాదమ్మా. అక్కడ కూర్చుని ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటే ఎక్కడో ఎవరి బతుకో మారిపోయింది. పిల్లలకి చూపించాల్సింది అదే. విజయనగరానికే వెళ్లమనడానికి కారణం కూడా అదే. అక్కడి నిర్ణయాల ఫలితాలు మన జిల్లాల్లో ఈనాటికీ కనిపిస్తాయి.

బొబ్బిలి యుద్ధం సంగతి తీసుకో. విజయనగరం రాజు పెదవిజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లారు. 1757 జనవరి 24న ఆ కోట పడిపోయింది. శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ వాళ్ల మనుషులే చంపుకున్నారు. మూడు రోజులు తిరగకముందే రాత్రివేళ బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి రాజుని పొడిచి చంపాడు. ఆ యుద్ధం వద్దని వారించిన రాజుగారి చెల్లెలే పైడితల్లి అమ్మవారై వెలిసిందని జనం నమ్మకం. ఫిరంగుల కోసం పరాయివాళ్లని పిలిచిన ఆ వంశమే 37 ఏళ్ల తర్వాత పరాయివాళ్ల తుపాకులకి ఎదురు నిలవాల్సి వచ్చింది. పేష్కషు (కప్పం) బకాయిల పేరిట ఈస్టిండియా కంపెనీ వాళ్లు చినవిజయరామరాజుని మచిలీపట్నం వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర పోరాడి ప్రాణం వదిలాడు. తిరుగు ప్రయాణంలో కాస్త చుట్టయినా సరే పద్మనాభం కూడా చూపించు. ఈ రెండు కథల్లో ఒకటి చెప్పి రెండోది దాచకు. "రాజు మంచోడా, చెడ్డోడా" అని పెద్దాడు తప్పకుండా అడుగుతాడు. ఒక్క మాటలో తీర్పు చెప్పేయకుండా వాణ్ణే ఆలోచించుకోనివ్వు.

నన్ను ఎక్కువ కదిలించేది మాత్రం యుద్ధాలు కావు, ఒక జాబితా. మూడేళ్లలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్లు ఎన్నో విజయనగరం మహారాజు ఆనందగజపతి లెక్క కట్టించారు. 1,034 తేలాయి! గురజాడ అప్పారావుగారు ఆ లెక్కని 'కన్యాశుల్కం' ముందుమాటలో రాసిపెట్టారు. నాటకం 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. అప్పారావుగారు ఉన్న ఇల్లు కోటకి దగ్గర్లోనే ఉంది. చంటిదాని చెయ్యి పట్టుకుని ఆ గుమ్మం ఎక్కించు. తన వయసు ఆడపిల్లలకి ఒకప్పుడు ధర కట్టారని ఇప్పుడే చెప్పనక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు.

విజయనగరం సంగీత కళాశాల కూడా అలాంటి నిర్ణయం ఫలితమే. సంస్థానంలో ఉద్యోగి ఒకాయన చూపులేని తన కొడుక్కి సంగీతం నేర్పించమని వేడుకుంటే 1919లో అది పుట్టిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ గురువు. ఘంటసాల, సుశీల అక్కడే నేర్చుకున్నారు. కారులో వాళ్ల పాటలు పెట్టు, చరిత్ర పాఠం దానంతట అదే నడుస్తుంది.

ఇంత వైభవానికీ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని కూడా పిల్లలు అడగాలి. వాళ్లు అడక్కపోతే నువ్వే అడుగు. మన వైపు రైతులూ జమీందార్లకి శిస్తు కట్టినవాళ్లే. 1802 నాటి శాశ్వత బందోబస్తు 1948 చట్టం వచ్చి జమీందారీలని రద్దుచేసేదాకా నడిచింది. కోట గోడ దగ్గర నిలబడ్డప్పుడు ఆ రైతు కూడా వాళ్లకి గుర్తుకు రావాలని నా కోరిక.

మరో సంగతి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. పూజారి చింతమాను కొసన కూర్చుని గుడి నుంచి కోట దాకా వస్తూపోతూ ఉంటే, రాజవంశీకులు బురుజు మీద నుంచి దర్శించుకుంటారు. చూడాల్సిందే కానీ ఆ జనంలో చంటిదానితో, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మతో నిలబడలేవు. ఆ రోజు మానుకుని దసరాకి ముందే వెళ్లిరండి. ఒక్కచోట గంటసేపు కూర్చోండి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. చూడాల్సినవన్నీ చుట్టేయాలని పరుగులు పెట్టొద్దు.

'కన్యాశుల్కం' నా బీరువాలో ఉంది. ఊళ్లో దిగిన రాత్రే వచ్చి పట్టుకెళ్లు. కనీసం ఆ ముందుమాటైనా చదివి బయలుదేరమ్మా.

ఇట్లు,
మీ మావయ్య